పొదుగు మందు

ఆ ఏడు మా ఊరి నేల మే రెండో వారానికి గాని పారకు లొంగలేదు. జనవరిలో పోయిన నా భర్త మార్సెల్ అప్పటిదాకా సమాధుల తోట కొండ దిగువన ఉన్న రాతి గదిలో, తన పెట్టెలో, మరో ఇద్దరి పక్కన ఉన్నాడు. మా కొండల్లో చలికాలం పోయినవాళ్లు అందరూ అలాగే ఆగుతారు. మంచుకు గడ్డకట్టిన నేల కరిగాక పైకి తీసుకెళ్లి పూడుస్తాం.

మార్సెల్ పోయిన ఇరవై ఆరో రోజున మా మామగారు ఒమెర్‌కు పేగు మూసుకుపోయింది. పెద్దపేగు తీసేసి, చిన్నపేగు కొసను పొట్ట కుడివైపు చర్మంలోంచి బయటికి తెచ్చి కుట్టారు. దాన్ని స్టోమా అంటారు. ఎర్రగా, తడిగా, గులాబీ మొగ్గలా ఉంటుందని ఆస్పత్రి వాళ్ల కాగితంలో రాసి ఉంది.

"గులాబీ ఏంటి, దూడ ముక్కులా ఉంది" అన్నారాయన కళ్లద్దాలు సవరించుకుని చూసి.

దాని చుట్టూ అంటుపట్టీ ఉన్న సంచిని పొట్టకు అతికించుకోవాలి. లోపలిది ఆ సంచిలోకి వస్తుంది. మనిషి పిలిచినప్పుడు కాదు, దానికి తోచినప్పుడు.

మార్చి మొదటి మంగళవారం ఊరి సభ. ఏటా నేను పాఠాలు చెప్పే బడిలోని ఆటల గదిలోనే జరుగుతుంది. ఆపరేషన్ అయి నెల రోజులే అయినా ఒమెర్ వస్తానన్నారు. మడత కుర్చీలు, కాఫీ, బూట్ల బురద, నూట పదిమంది జనం. మా పక్క పొలం హార్లన్ అధ్యక్షుడు. పన్నెండో అంశం, సమాధుల తోట కొండ దారికి కంకర పోయించడం. ఆ అంశాన్ని పెట్టించిందే ఒమెర్. ఆయన లేచి నిలబడ్డారు.

"అధ్యక్షా" అన్నారు. ఆ ఒక్కరోజే ఆయన హార్లన్‌ను అలా పిలుస్తారు. మిగతా రోజులన్నీ 'ఒరే'నే. "మే నెలలో మావాణ్ణి పైకి తీసుకెళ్లాలి. ఆ దారి చూస్తే..."

అక్కడ ఆగారు. చెయ్యి పొట్టమీదికి వెళ్లింది. బూడిదరంగు చొక్కా మీద అరచేతి మేర తడి పరుచుకుంది. వాసన రెండు వరసల దాకా వెళ్లింది. ఎవరూ నవ్వలేదు, ముక్కు మూసుకోలేదు, అందరూ తమ చేతుల్లోని కాగితాలు చదవడం మొదలుపెట్టారు. అంత మర్యాదను ఆయన తట్టుకోలేకపోయారు. నేను ఆయన మోచెయ్యి పట్టుకుని బయటికి నడిపించాను. తర్వాత వెనక్కి వెళ్లి, పిల్లలు రంగులు ఒలకబోసినప్పుడు వాడే కాగితంతోనే కుర్చీని తుడిచాను. ఆ అంశం గురించి మాట్లాడేవాళ్లు లేకపోవడంతో హార్లన్ పదమూడోది చదువుతున్నాడు.

ఇంటికొచ్చాక ఆయన చాలాసేపు వంటింటి కిటికీ దగ్గర నిలబడ్డారు.

"మేలో నేను రాను, పంతులమ్మా. వాణ్ణి మీరే దించండి."

"గుర్రాలను ఎవరు తోలుతారు, మామయ్యా?"

జవాబు ఇద్దరికీ తెలుసు. కంకర లేని ఆ దారిలో, మే నెల బురదలో, శవాన్ని తెచ్చే మోటారు బండి రాతి గది దాటి పైకి పోదు. పెట్టెను గుర్రపుబండి మీదే ఎక్కించాలి. మార్సెల్ గుర్రాలు బారన్, రోజ్ ఫ్రెంచి మాట తప్ప ఇంకో మాట వినవు. ఇంగ్లీషైతే ఎవడైనా నేర్పగలడని, మార్సెల్ పట్టుబట్టి తన తాతల మాటలే నేర్పాడు. ఇరవై రెండేళ్ల కాపురంలో నాకు వచ్చింది వంటింటి ఫ్రెంచి. నేను ఎడమ అంటే ఆ రెండూ ఒకదాని ముఖం ఒకటి చూసుకుంటాయి. కొడుకును కొండ ఎక్కించగలిగిన మనిషి ఊరంతటికీ ఒక్కరే. ఆ మనిషి ఇప్పుడు తలుపు వేసుకుని కూర్చున్నారు.

తర్వాతి మూడు వారాలూ ఆ తలుపుతోనే మాట్లాడాను. సంచి రోజుకు మూడుసార్లు ఊడివచ్చేది. దుప్పట్లు ఉతికి, ఆరేసి, బడికి వెళ్లి, వచ్చి, మళ్లీ ఉతికేదాన్ని. కారడం అనే మాటను ఆయన ముందు నేనెప్పుడూ వాడలేదు. "ఎలా ఉంది?" అని మాత్రం అడిగేదాన్ని. ఆవులను అమ్మేసి మూడేళ్లయినా ఆయన నాలుక మీదినుంచి అవి పోలేదు.

"పాలిస్తోందమ్మా" అనేవారు లోపలినుంచి. అంటే మళ్లీ తడిసిందని.

"వట్టిపోతే చెప్పండి."

"వట్టిపోయిన ఆవు కోసం ఎదురుచూసే ఇల్లు ఇదొక్కటే అయ్యుంటుంది."

ఒకసారి హార్లన్ వాకిట్లో నిలబడి ఇది విన్నాడు. "ఒరే ఒమెర్, నీ దగ్గర ఆవులెక్కడివిరా?" అన్నాడు. "స్నానాల గదిలో ఒకటి కట్టేశాను, పోరా" అని లోపలినుంచి జవాబు వచ్చింది. హార్లన్ నావైపు చూశాడు. నేను తల అడ్డంగా ఊపాను. అతను తెచ్చిన గుడ్లు బల్లమీద పెట్టి వెళ్లిపోయాడు.

ఇళ్లకు వచ్చే నర్సును ఆయన రెండుసార్లు ఫోనులోనే వద్దన్నారు. అంతా బాగుందన్నారు. మార్చి చివరి వారంలో నేను బడినుంచి ఫోను చేశాను, ఏదీ బాగాలేదని చెప్పాను. మర్నాడే ఆ నర్సు, కోరా, వచ్చింది. బురదలో కూరుకుపోతుందని కారును కింద రోడ్డు మీదే వదిలేసి, రబ్బరు బూట్లతో కొండ ఎక్కింది. యాభై దాటిన మనిషి. స్టోమాల పని తప్ప వేరే పని చెయ్యదు.

"మీరేనా ఫోనులో అంతా బాగుందన్న పెద్దాయన?"

"ఆరోజు బాగుంది తల్లీ."

"చొక్కా తియ్యండి. అమ్మాయిని ఉండమంటారా, వెళ్లమంటారా?"

ఆయన నావైపు చూడకుండా "వెళ్లమను" అన్నారు. నేను పక్క గదిలోకి వెళ్లాను. పాత ఇల్లు, చెక్క గోడలు, ప్రతి మాటా వినబడింది.

"ఈ సంచులన్నిటికీ చిల్లులు ముందే కోసి ఉన్నాయేంటి?"

"ఇంటికొచ్చిన రోజే కోసేశాను. పెట్టె మొత్తం. రోజూ కత్తెర పట్టుకునేదెవరు?"

"అప్పుడది వాచి ఉంది పెద్దాయనా. ఇప్పుడు సగం తగ్గింది. చిల్లు పాతదే. మధ్యలో ఉన్న ఖాళీలో లోపలిది చర్మం మీద పడి కాల్చేస్తోంది. వారం వారం కొలుచుకోవాలి. చుట్టూ ఒక గోధుమ గింజ మందం కంటే ఎక్కువ ఖాళీ ఉండకూడదు. ఎన్నింటికి ఖాళీ చేస్తారు?"

"పొద్దున ఐదింటికి, మధ్యాహ్నం, సాయంత్రం ఐదింటికి."

"నిండకపోయినా, నిండిపోయినా?"

"ఐదు ఐదే."

"మీరు పాలు పిండే వేళలు పెట్టుకున్నారు" అంది కోరా.

"అరవై ఏళ్లు పెట్టుకున్నాను."

"దీనికి గడియారం తెలీదు. మూడోవంతు నిండిందంటే వెళ్లి ఖాళీ చెయ్యాలి. పైదాకా నిండితే ఆ బరువే పట్టీని లాగేస్తుంది. ఇంకోటి. ఇది మేపుల్ చెట్ల పాకం కాచే కాలం. గిన్నెలో వేలు పెడుతున్నారా?"

"వేలు కాదు తల్లీ. గ్లాసు."

"అందుకే నీళ్లలా వస్తోంది. గ్లాసు మానండి. వేలు పెట్టుకోండి."

అప్పటిదాకా ఆమె గొంతులో నవ్వు ఉంది. తర్వాత అది పోయింది. "ఈ చర్మం మీద ఏం రాశారు? జిడ్డుగా ఉంది. ఈ వాసన..."

ఆ వాసన పేరు ఆమె చెప్పకముందే నాకు తెలిసింది. మా వంటింటి కిటికీ గట్టు మీద ఒక చదరపు రేకు డబ్బా ఉండేది. ఆవుల పొదుగులు పగిలితే రాసే మందు. గొర్రె ఉన్ని జిడ్డుతో చేస్తారు. మా కొండల్లో దాన్ని ఆవులకంటే మనుషులే ఎక్కువ రాసుకుంటారు. చేతులకు, పెదవులకు, చెప్పు కరిచిన మడమలకు. ఆ డబ్బా మార్సెల్‌ది. జనవరిలో ఆ చివరి ఉదయం అడవికి వెళ్లేముందు అతను చేతులకు రాసుకుని మూతపెట్టాడు. లోపల మందులో అతని వేలు తీసిన గుంట అలాగే ఉంది. నేను దాన్ని తెరవలేదు, కదపలేదు. ఫిబ్రవరిలో అది గట్టుమీద కనబడలేదు. వెతకలేదు కూడా.

"పొదుగు మందు" అన్నారు ఒమెర్. "పుండు పడితే అదే రాస్తాం. వేల ఆవులకు రాశాను. ఒక్కటీ ఫిర్యాదు చెయ్యలేదు."

"వాటిలో ఒక్కదానికైనా పొట్టమీద సంచి అంటించారా?"

స్టూలు కిర్రుమంది.

"జిడ్డు మీద ఏ పట్టీ నిలవదు. ఊడితే కారుతుంది, కారితే పుండు పెరుగుతుంది, పెరిగితే మీరు ఇంకాస్త రాస్తారు. మీకు అన్నిటికంటే ఎక్కువ చేటు చేస్తున్నది ఆ మందే. ఎక్కడుంది? పారేస్తాను."

"అది పారేసేది కాదు" అన్నారాయన. ఆ గొంతు విని నేను తలుపు తోసుకుని లోపలికి వెళ్లాను. ఆయన చొక్కా లేకుండా స్టూలు మీద కూర్చుని ఉన్నారు. పొట్ట కుడివైపు చర్మం, కాగే నీళ్లు పడ్డట్టు ఎర్రగా ఉంది. డబ్బాను అప్పటికే తీసి ఒళ్లో పెట్టుకున్నారు. మూత తెరిచి ఉంది. ఒక పక్కనుంచి మాత్రమే తీశారు. మధ్యలో గుంటను ముట్టుకోలేదు.

"గుర్రాల కొట్టంలో పెడతాను, మామయ్యా. మెడపట్టీలు ఒరుసుకున్న చోట వాటికి కావాలి" అన్నాను.

ఆయన మూతపెట్టి నా చేతికి ఇచ్చారు.

మర్నాటినుంచి పొద్దున, పొట్ట ఖాళీగా ఉన్నప్పుడు, వంటింటి బల్ల దగ్గర పని మొదలుపెట్టాం. ఉత్త గోరువెచ్చని నీళ్లతో కడగడం, సబ్బు లేకుండా. పాత మెత్తని గుడ్డతో అద్దడం. తడి ఊరే చోట కోరా ఇచ్చిన పొడి చల్లి, ఎక్కువైంది దులిపేయడం. వేర్వేరు కొలతల చిల్లులున్న అట్టతో కొలిచి, గీత గీసి, అప్పటికప్పుడు కత్తిరించడం. పట్టీని అంటించాక దానిమీద అరచేయి పెట్టి ఐదు నిమిషాలు కదలకుండా ఉండాలి. ఒంటి వెచ్చదనానికి జిగురు కరిగి పడుతుంది. కడగడం, అంటించడం ఆయన నాకు అటు తిరిగి చేసుకునేవారు. ఆ ఐదు నిమిషాలు మాత్రం ఇటు తిరిగి ఉండేవారు.

ఆ ఐదు నిమిషాలూ చెయ్యి తియ్యడానికి లేదు కాబట్టి మాట్లాడేవారు. మార్సెల్ ఆరేళ్లప్పుడు దూడను మంచంకింద దాచిన సంగతి. రోజ్‌కు కుడి అనే మాట నేర్పడానికి చలికాలమంతా పట్టిన సంగతి. ఇరవై రెండేళ్లలో మార్సెల్ నాకు చెప్పని సంగతులు ఒక పట్టీ అంటుకునే వ్యవధిలో ఒక్కోటి వినేదాన్ని. గడియారం చూసి "అయిదయింది" అనడం నా పని. కొన్ని రోజులు ఆరు నిమిషాలకు అన్నాను.

మేపుల్ చెట్ల రసం మరిగించి పాకం కాచే కొట్టంలో ఒక చెక్క ఉంది. ఏటా మొదటిసారి పొయ్యి వెలిగించిన తేదీని మార్సెల్ దానిమీద పెన్సిలుతో రాసేవాడు. ఏప్రిల్ ఆరున ఒమెర్ ఆ వరుస కింద 'ఒక రోజు, పొడి' అని రాశారు. పదకొండున 'రెండు రోజులు' అని. చర్మం కొత్త తొక్క కట్టడం మొదలుపెట్టింది.

పద్దెనిమిదిన బడికి సెలవు. ఆయన గుర్రాలను కట్టమన్నారు. బరువులు ఎత్తకూడదు కాబట్టి జీను సామాను హార్లన్ ఎత్తిపెట్టాడు. ఒమెర్ బండి ఎక్కి, పగ్గాలు తీసుకుని, ఒక మాట అన్నారు. బారన్ చెవులు వెనక్కి తిరిగాయి. జనవరి తర్వాత వాటికి తమ భాషలో వినబడిన మొదటి మాట అది. రెండూ ఒక్క అడుగుగా కదిలాయి. మేం ముగ్గురం చెరువు మలుపు దాకా వెళ్లాం. అక్కడ ఆయన బండి ఆపి, పగ్గాలు హార్లన్‌కు ఇచ్చేశారు.

"తిప్పు."

"ఏమైందిరా?"

"తిప్పమన్నాను కదా."

చొక్కా కింది అంచు తడిసింది. హార్లన్‌కు గుర్రాలు తిరగలేదు. చివరికి ఒమెర్ దిగి, వాటి కళ్లాలు పట్టుకుని, ఆ చొక్కాతోనే ఇల్లు చేరేదాకా ముందు నడిచారు. ఇంటికొచ్చి తలుపు వేసుకున్నారు.

నేను బల్ల దగ్గర కూర్చుని ఆలోచించాను. పిల్లవాడికి లెక్క తప్పితే మొదటి అంకెనుంచి చూస్తాం. జిడ్డు లేదు. చిల్లు సరిపోయింది. బయల్దేరేముందు ఖాళీ చేశారు. ఇంట్లో తిరుగుతుంటే రెండు రోజులు నిలిచినది బండి మీద కూర్చున్న ముప్పావు గంటలో ఎందుకు ఊడింది?

తలుపు దగ్గరికి వెళ్లాను. "మామయ్యా, మీరు సంచి ఎప్పుడూ నిలబడే అంటించుకుంటారు కదా?"

తలుపు మీద తట్టాను.

"బండి మీద కూర్చున్నప్పుడు పొట్ట మడత పడుతుంది కదా. ఆ మడత ఎక్కడ పడుతోందో చూశారా?"

తర్వాత తలుపు గడియ తీసిన చప్పుడు.

"రా" అన్నారు. "నువ్వే చూసి చెప్పు. నాకు కింది వైపు కనబడదు."

ఆయన స్టూలు మీద, బండి మీద కూర్చున్నట్టే ముందుకు వంగి కూర్చున్నారు. నేను నేలమీద మోకాళ్ల మీద కూర్చుని చూశాను. నిలబడితే చదునుగా ఉండే చోట, కూర్చుంటే స్టోమా కిందినుంచి పక్కకు ఒక గాడి పడుతోంది, నా చిటికెన వేలు పట్టేంత. నీళ్లు ఎప్పుడూ పల్లం వెతుక్కున్నట్టు, లోపలిది ఆ గాడి వెంట పట్టీ కిందికి పోతోంది.

"కాలవ ఉంది, మామయ్యా. నాలుగు గంటల ముల్లు దిక్కున."

"కాలవకు గట్టు వెయ్యాలి" అన్నారాయన, వెంటనే, మనిషి మారిపోయి.

కోరాకు ఫోను చేశాను. మైనంలా సాగే జిగురు ఉంగరాన్ని సగానికి తుంచి, కూర్చోబెట్టి ఆ గాడిని పూడ్చమంది. దానిమీద పట్టీ, పట్టీని పట్టి ఉంచడానికి నడుముకు పలచని బెల్టు. "కనిపెట్టిందెవరు?" అని అడిగింది. "మా పంతులమ్మ" అని ఒమెర్ అవతలనుంచి అరిచారు.

పాకం చెక్క మీద ఏప్రిల్ చివరికి 'మూడు రోజులు', మే ఎనిమిదికి 'నాలుగు' అని పడింది. రోజూ బండి కట్టారు. నాలుగో రోజున పొడిగా ఉన్నదాన్ని తానే తీసి మార్చారు. ఊడేదాకా ఆగకుండా మనమే ముందు మార్చెయ్యాలి అనేవారు, అది తాను కనిపెట్టిన సంగతి అన్నట్టు.

మే పద్నాలుగు శనివారం. ఆయన గదిలోంచి తెల్ల చొక్కా వేసుకుని వచ్చారు. మార్చి తర్వాత ముదురు రంగు తప్ప వేసుకోలేదు. నేను చూసినట్టు తెలియకుండా చూశాను. కొట్టంలో రేకు డబ్బా మూత తీసి, బారన్, రోజ్ మెడలమీద పట్టీ ఒరుసుకునే చోట మందు రాశారు. ఈసారి మధ్య గుంటలోంచే తీశారు. తీసి, ఒక్క క్షణం వేలు చూసుకుని, రాశారు.

రాతి గది దగ్గర ఆరుగురు పెట్టెను బండి మీద పెట్టారు. ఆయన ముందుగా పక్కనున్న చర్చిలోకి వెళ్లి సంచి ఖాళీ చేసుకుని వచ్చి, బండి ఎక్కారు. నేను వెనక చెక్కమీద చెయ్యి పెట్టి నడిచాను. దారి నేను భయపడినట్టే ఉంది. సగం కొండలో, మలుపు దగ్గర, ఎడమ చక్రం ఇరుసు దాకా దిగిపోయింది. బండి వాలింది. పెట్టె ఒక అంగుళం జరిగి నా చేతికి తగిలింది. మగవాళ్లు తొయ్యడానికి ముందుకొచ్చారు.

"ఎవరూ ముట్టుకోవద్దు" అన్నారు ఒమెర్.

ఆయన లేచి నిలబడ్డారు. పగ్గాలు బిగించలేదు, వదులు చేశారు. తర్వాత మాట్లాడారు. గద్దింపు కాదు. మార్సెల్ వాటితో మాట్లాడే పద్ధతిలో, పక్కింటివాణ్ణి పలకరించినట్టు, పేరుపేరునా, ఇంకో రెండు మాటలు. గుర్రాలు మెడలు దించి, పట్టీలలోకి ఒరిగి, ఆగి, మళ్లీ ఒరిగాయి. చక్రం చప్పుడు చేస్తూ పైకి వచ్చింది. అక్కడినుంచి పైదాకా ఆయన కూర్చోలేదు. నా భర్త ఈ ఊరికి తెలిసిన దారిలో, తన గుర్రాల వెనక, తన భాషలో కొండ ఎక్కాడు.

పెట్టెను గోతిలోకి దించేటప్పుడు ఆయన తాడు పట్టుకోలేదు. గుర్రాల మధ్య నిలబడి, రెండిటి ముట్టెల మీద చెరో చెయ్యి ఉంచారు. తెల్ల చొక్కా ముందుభాగం ఎండలో అందరికీ కనబడుతూ ఉంది.

తర్వాత చర్చి కింది గదిలో భోజనాలు. కాల్చిన పంది మాంసం, బెల్లపు చిక్కుళ్లు, రొట్టెలు, బడినుంచి తెచ్చిన అవే మడత కుర్చీలు. ఒమెర్ బాగా నమిలి, మామూలుగా తిన్నారు. మధ్యలో ఒకసారి లేచి వెళ్లి వచ్చారు. కాఫీల వేళకు హార్లన్ చెంచాతో గ్లాసు మీద కొట్టాడు.

"ఒక సంగతి మిగిలిపోయింది" అన్నాడు. "మార్చి సభలో పన్నెండో అంశం మీద ఒమెర్‌కు మాట్లాడే వంతు ఇచ్చాను. ఆయన వాక్యం మధ్యలో ఆగారు. నేను ఆ వంతు వెనక్కి తీసుకోలేదు. నిబంధన ప్రకారం ఇప్పటికీ వంతు ఆయనదే."

"అలాంటి నిబంధన ఎక్కడుందిరా?" అని ఎవరో అన్నారు.

"అధ్యక్షుణ్ణి నేను. కూర్చో."

ఒమెర్ లేచి నిలబడ్డారు. రెండు చేతులూ ముందున్న కుర్చీ వీపుమీద పెట్టారు.

"అధ్యక్షా. ఆ దారి చూస్తే," అన్నారు, రెండున్నర నెలల కింద ఆపిన చోటునుంచి, "గుర్రం తప్ప ఇంకేదీ ఎక్కదు. ఇవాళ మీరంతా చూశారు. నా తర్వాత ఆ గుర్రాలకు మాట తెలిసినవాళ్లు ఉండరు. పంతులమ్మకు నేర్పుదామంటే, ఆమె ఫ్రెంచి విని రోజ్ నవ్వుతోంది. కాబట్టి కంకర పోయించండి. మిమ్మల్నందర్నీ నేను మొయ్యలేను."

గది నవ్వింది. ఆయన కూర్చుని, కుర్చీ నావైపు జరిపి, గొంతు తగ్గించారు.

"ఆవు వట్టిపోయిందమ్మా."

హార్లన్ అనుకూలురను చేతులెత్తమన్నాడు. నేను, మా బడి పిల్లలు ఎత్తినట్టు, మోచెయ్యి వంచకుండా ఎత్తాను.